చింతపండుతో తోమిన జాజ్

నేను ఒక డ్రమ్ సెట్టుని. ఒకటి అంటున్నానన్న మాటే గానీ, లెక్కకు దిగితే నేను ఎంతమందినో నాకే సరిగా తెలియదు. కాలితో తన్నే పెద్ద డ్రమ్ము, దాని నెత్తిన ఎక్కి కూర్చున్న చిన్న డ్రమ్ములు, పక్కన కాళ్ల మీద నిలబడే లావుపాటివి, వాయించేవాడి మోకాళ్ల మధ్య గరగరలాడే ఇంకోటి, ఇవి చాలవన్నట్టు కడ్డీల కొసన ఊగే కంచు పళ్లేలు. ఇంత సంసారాన్నీ కలిపి కాకినాడలో 'జాజ్' అంటారు. "జాజ్ లారీ ఎక్కిందా?" అని ఒకరు, "జాజ్ మీద కాఫీ గ్లాసులు పెట్టకండర్రా!" అని ఇంకొకరు. అది ఒక రకం సంగీతం పేరు నాయనా, వస్తువు పేరు కాదు అని చెబుదామంటే నాకు నోరు లేదు. కొడితే పలకడం ఒక్కటే నాకు చేతనైన పని.

ఆ కొట్టడమే ఎవరూ సవ్యంగా చెయ్యరు. నా ఏడుపంతా అదే. నా మీద కూర్చున్నవాళ్లున్నారు, నాలో ఉల్లిపాయలు పోసినవాళ్లున్నారు, నాకు పసుపు రాసి దణ్ణం పెట్టినవాళ్లున్నారు. దెబ్బలు తినడానికే పుట్టినదాన్ని దెబ్బలు తప్ప అన్నీ తిన్నాను.

నేను పుట్టింది సముద్రాల అవతల, ఎప్పుడూ చలేసే ఒక దేశంలో. పలచటి చెక్క పొరలను ఆవిరి పట్టి వంచి, జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి నన్ను చేశారు. పైన ఎర్రటి మెరుపుల తొడుగు వేశారు. నా పెద్ద డ్రమ్ము ఎంత పెద్దదంటే, గుమ్మంలోంచి పట్టదని తలుపులు ఊడదీసిన ఇళ్లు ఉన్నాయి. ఓడ మీద విశాఖపట్నం వచ్చి ఒక క్లబ్బులో కుదురుకున్నాను. దొరలు అప్పటికే వెళ్లిపోయారు. దొరల కోట్లు తొడుక్కున్నవాళ్లు మిగిలారు. వాళ్ల నాట్యాలకు నన్ను ఇనప తీగల కుంచెలతో దులిపేవారు. దులపడమే, కొట్టడం కాదు. గట్టిగా కొడితే భోజనాల దగ్గర మాటలు వినపడవట. కొన్నాళ్లకు నాట్యం తగ్గి పేకాట పెరిగింది. పేకాటకు నాతో పనేముంది? నన్ను అమ్మేశారు.

అలా కాకినాడ చేరాను, 'శ్రీ నూకాంబికా మ్యూజికల్ పార్టీ'కి. నా బతుకులో సుఖపడ్డ రోజులంటూ ఉంటే అవే. పందిళ్లు, తీర్థాలు, పెళ్లిళ్లు, ఎక్కడ మైకు కడితే అక్కడ నేను. పాడేవాడు నూకరాజు, పగలు పోర్టు ఆఫీసులో గుమాస్తా. నన్ను వాయించేవాడు దైవసహాయం, పగలు ఐస్ ఫ్యాక్టరీలో పని. మంచు దిమ్మలు మోసిన చేతులు కావడంతో ఆయన కొడితే నా ఒళ్లు పులకరించేది. ఇద్దరూ ఒకే సిగరెట్టు చెరో సగం కాల్చుకునేంత స్నేహితులు. అంత స్నేహమూ పాట మొదలయ్యేదాకానే.

ఎందుకంటే దైవసహాయం పరుగెడతాడు. నూకరాజు సాగదీస్తాడు. ఇది దగ్గరుండి విన్న నేను చెబుతున్న నిజం. చరణంలోకి వచ్చేసరికి దైవసహాయానికి ఉత్సాహం ఆగదు, లయ ముందుకు తోసుకుపోతుంది. నూకరాజుకేమో జనం ఈల వేస్తే చాలు, ఆ స్వరాన్ని పట్టుకుని వదలడు, అద్దెకు తీసుకున్న ఇల్లు ఖాళీ చెయ్యనివాడిలాగా. మధ్యలో నలిగింది నేను. పాట అయ్యాక ఒకరి మీద ఒకరు విరుచుకుపడేవారు. "నువ్వు ఆగవు." "నువ్వు కదలవు." ఎన్ని ఊళ్లు తిరిగామో అన్ని ఊళ్లలోనూ ఇదే పాట. నాకు విసుగొచ్చి, ఒకసారి కావాలనే మర ఊడిపోయి కిందపడ్డాను కూడా.

చివరికి ఒక నవమి పందిట్లో తెగిపోయింది. పాట నడుస్తోంది. దైవసహాయం చరణంలో పరుగందుకున్నాడు. నూకరాజు పాడటం ఆపేసి, మైకులోనే, "దైవసహాయం గారికి రైలు టైమైనట్టుందండీ, కాస్త దారివ్వండి" అన్నాడు. పందిరంతా గొల్లున నవ్వింది. దైవసహాయం పుల్లలు నా మీద పెట్టి, స్టేజీ దిగి, జనం మధ్యలోంచి వెళ్లిపోయాడు. వెనక్కి చూడలేదు.

నన్ను ఎవరు ఇంటికి తీసుకెళ్లాలి? వాడి జాజ్ వాడే పట్టుకుపోతాడని నూకరాజు. పార్టీ సామాను పార్టీ చూసుకుంటుందని దైవసహాయం. తెల్లారి పందిరి విప్పినవాళ్లు వాసాలతో పాటు నన్నూ లారీలో పడేసి టెంట్ హౌస్‌కు తోలారు. అక్కడ ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. నా పెద్ద డ్రమ్ములో గరిటెలు, చిన్నవాటిలో ఉల్లిపాయలు. పక్కనున్న లావుపాటి డ్రమ్ము మీద కూర్చుని టెంట్ హౌస్ సూరిబాబు లెక్కలు చూసుకునేవాడు. ఎలుకలు ప్లాస్టిక్ తోళ్లన్నీ కొరికి అవతల పారేశాయి. పట్టించుకున్న మనిషి లేడు. నాకు నెత్తీ నోరూ ఉంటే బాదుకునేదాన్ని.

ఒకరోజు సూరిబాబు దగ్గరకు ఒక జంట వచ్చింది. ఇంట్లో బారసాల ఉంది, కుర్చీలూ గుండిగలూ కావాలట. మాటలన్నీ ఆవిడే మాట్లాడుతోంది. ఆయన ఊరికే నిలబడ్డాడు. మాట్లాడే మనిషి పెదవుల వైపు చూసి, సగం పోల్చుకుని సగం ఊహించుకుని తలూపుతున్నాడు. జుట్టు నెరిసింది గానీ నేను గుర్తుపట్టాను. నూకరాజు.

చెవులు పోయాయట. ఉన్నట్టుండి కాదు, మెల్లమెల్లగా. చెవి మిషను పెట్టుకుంటే డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంటుందని తీసి పెట్టెలో పడేశాడట. "వినపడకపోతే పోనివ్వండి, పాడటమే మానేశారండి. కూనిరాగం కూడా లేదు. లయ తప్పుతున్నానో లేదో తెలీకుండా నోరెత్తడం సిగ్గంట" అని ఆవిడ, ఆయన భార్య తాయారు, సూరిబాబుతో చెబుతోంది. "ముప్పయ్యేళ్లు గోలగోలగా ఉన్న ఇల్లండి. ఇప్పుడు చెంచా కింద పడితే ఉలిక్కిపడతన్నాను."

అప్పుడే ఆయన అలవాటుగా ఆనుకోవడానికి నా పెద్ద డ్రమ్ము మీద చెయ్యి వేశాడు. అదే క్షణాన లారీ మీంచి ఒక గుండిగ జారి నా పక్కన పడింది. నేను ఊరుకుంటానా, నా ఒళ్లంతా వణికింది. నూకరాజు వేడి పెనం తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. మళ్లీ మెల్లగా వేశాడు.

"ఇంకోసారి పడెయ్!" అని అరిచాడు.

పనివాడు బిక్కమొహం వేశాడు. "ఏటండీ? మళ్లీ పడెయ్యాలాండీ?"

"పడెయ్యవయ్యా, నీకెందుకు!"

గుండిగ సొట్టలు పోయేదాకా పడేయించాడు. ఆ తరువాత నా మీద కప్పిన గోనెపట్టా తీసి చూశాడు. ఎర్ర మెరుపుల మీద మాసిపోయిన పార్టీ పేరు కనపడింది. సూరిబాబు నోటికొచ్చినంత ధర అడిగాడు, ఈయన ఇచ్చేశాడు. తాయారు లబోదిబోమంది. "చెవులు పోతే పోయాయి, బేరం కూడా మర్చిపోయారా? వినపడని మనిషికి ఇంతలేసి డ్రమ్ములు దేనికండీ?"

ఇక నా బాగుచేత సంగతి. ఏ ఉల్లిపాయల మధ్యో హాయిగా పడి ఉన్నా బాగుండేదని అప్పుడు చాలాసార్లు అనుకున్నాను. ముందు నా కంచు పళ్లేలు. వాటి నలుపు యాభై ఏళ్లు కూర్చుని సంపాదించుకున్నది. ఆ నలుపులోనే వాటి మెత్తటి గొంతు ఉంటుంది. తాయారు వాటిని చూసి, "అమ్మో, ఎంత మష్టు పట్టాయో" అని చింతపండు నానబెట్టింది. బూడిద కలిపింది. దేవుడి సామాను తోమినట్టు తోమి, బంగారంలా మెరిపించి, ఎండలో బోర్లించింది. పైగా బొట్టు పెట్టింది. నా పళ్లేల గొంతు ఆ కుళాయి కింద కొట్టుకుపోయింది. ఎవరికి మొరపెట్టుకోను?

ఊడిపోయిన మరలకు బదులు స్కూటర్ బోల్టులు బిగించారు. సొట్టపోయిన ఇనప చుట్లను వెల్డింగు షాపులో సరిచేయించారు. పెద్ద డ్రమ్ముకు తోలు దొరకలేదు. "ఈ సైజు ఇప్పుడెవరూ వాడటం లేదండి" అని రాజమండ్రి నుంచి విజయవాడ దాకా అందరూ ఒకే మాట. ఆఖరికి సామర్లకోట దగ్గర డప్పులు బిగించే ఆయన చేత దూడ తోలు వేయించారు. తోలు బాగానే ఉంది, కాదనను. కానీ మబ్బు పడితే చాలు, నీరుగారి పోతుంది. అందుకని నన్ను డాబా మీదకెక్కించి, అప్పడాల పక్కన ఎండబెట్టేవారు. కాకులు అప్పడాలకు వచ్చి నా మీద వాలేవి. క్లబ్బులో కోటు వేసుకున్నవాళ్ల మధ్య బతికినదాన్ని!

అన్నిటికన్నా ఘోరం శ్రుతి చెయ్యడం. చెవులు లేని మనిషి శ్రుతి ఎలా చేస్తాడు? నూకరాజు అరచేయి నా తోలు మీద ఆనించి, రెండో చేత్తో బోల్టు తిప్పుతూ, కళ్లు మూసుకునేవాడు. వణుకు ఎక్కువయ్యేదాకా వదులు చేస్తూ పోయాడు. చప్పుడు తగ్గించడానికి లోపల ఎవరైనా పాత చీర కుక్కుతారు. ఈయన ఒక్క గుడ్డపేలిక కూడా ఉండనివ్వలేదు. నా గొంతు పాతాళానికి దిగిపోయింది. కొడితే ఎదురింటి కిటికీ అద్దాలు గజగజలాడుతున్నాయని వాళ్లు వచ్చి తాయారుతో చెప్పి వెళ్లారు. ఆవిడ మొగుడి చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. ఆ చెవిన ఎంత పోరితే ఏం లాభం?

సరే, అంతా అయింది. పుల్లలు పట్టుకుని కూర్చున్నాడు. పాటగాడికి చేతులుండవు. కొడితే పాట ఆగిపోతుంది, పాట ఎత్తుకుంటే చెయ్యి ఆగిపోతుంది. తను కొట్టింది తనకు తెలుస్తుంది, కానీ తన మీద తాను ఆనుకుని నిలబడటం ఎవరి వల్లవుతుంది? వారం పది రోజులు నన్ను చితక్కొట్టాడు. కావాలని కోరుకున్న దెబ్బలే అయినా, అలాంటివి శత్రువుకు కూడా వద్దు. ఒక సాయంత్రం పుల్లలు విసిరేసి, గోడకు ఆనుకున్నాడు.

"వాడు కావాలి తాయారూ" అన్నాడు.

ఎవరని ఆవిడ అడగలేదు. చీర మార్చుకుని జగన్నాథపురంలో దైవసహాయం ఇంటికి వెళ్లింది.

దైవసహాయం వెంటనే రాలేదు. ఆ తరువాతి ఆదివారం, చర్చి అయ్యాక, తెల్ల చొక్కాతో గేటు దగ్గర నిలబడ్డాడు. "జాజ్‌ని చూసి పోదామని వచ్చాను చెల్లెమ్మా. ఆయన కోసం కాదు" అన్నాడు. లోపలికొచ్చి నన్ను చూశాడు. చుట్టూ తిరిగాడు. పళ్లేల దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటమ్మా! కంచాలు తోమినట్టు తోమేశారు!"

అబ్బ, ఇన్నాళ్లకు ఒక మనిషి! నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా స్కూటర్ బోల్టులు చూసి తల పట్టుకున్నాడు, డప్పు తోలు మీద వేలితో మీటి పళ్లు కొరికాడు. నూకరాజు మాత్రం పీట మీద కూర్చుని ఆయన ముఖంలోకి చూడకుండా, చెవిటివాళ్లకుండే పెద్ద గొంతుతో, "పాట మధ్యలో దిగిపోయినాయన వచ్చాడా?" అన్నాడు.

దైవసహాయం గేటు వైపు తిరిగాడు. తాయారు అడ్డం నిలబడింది. "ఒక్క పాట అన్నయ్యా. వినపడితే వినపడింది, లేకపోతే లేదు. ఇంకెప్పుడూ పిలవను."

"వినపడనోడికి వాయించి ఏం చేద్దామమ్మా?"

ఆవిడ గేటు వదలకుండా ఏడుస్తోంది. దైవసహాయం ఏదో గొణుక్కుంటూ వచ్చి నా వెనక కూర్చున్నాడు. నూకరాజు పీట దగ్గరకు జరుపుకుని, రెండు అరచేతులూ నా పెద్ద డ్రమ్ము తోలుకు ఆనించాడు. ఆ చేతులు చెమట పట్టి ఉన్నాయి. భయపడుతున్నాడని నాకు తెలిసింది. ఇది కూడా అందకపోతే ఇక జన్మలో నోరెత్తడు.

దైవసహాయం మొదలుపెట్టాడు. ఎన్నేళ్లయింది! నా చెక్కలో ప్రతి పొరా మేలుకుంది. నూకరాజు తాళం ఒక చుట్టు వదిలేశాడు. రెండోది కూడా వదిలేశాడు. తరువాత నోరు తెరిచాడు. శ్రుతి ఎటు పోయిందో భగవంతుడికెరుక, అది నా శాఖ కాదు. కానీ పల్లవి సరిగ్గా నా దెబ్బ మీద వచ్చి కూర్చుంది. ఇంకోసారి వచ్చి కూర్చుంది. తాయారు గుమ్మం పట్టుకుంది. దైవసహాయం వాయిస్తున్నాడు. వీడికి వినపడదు, ఊరికే జ్ఞాపకం మీద పాడుతున్నాడు పాపం అనుకుంటున్నాడని ఆయన మెత్తబడిన చేతుల్లో నాకు తెలుస్తూనే ఉంది.

చరణం వచ్చింది. దైవసహాయం జన్మలో మారడు. పరుగందుకున్నాడు.

నూకరాజు నా తోలు మీద ఫట్టున చరిచాడు. "ఆగు! ఎక్కడికా పరుగు? ఏ రైలుంది నీకు?"

దైవసహాయం చేతిలో పుల్ల గాల్లోనే ఆగింది. నోరు తెరుచుకుని తాయారు వైపు చూశాడు. మరుక్షణం ముఖం ఎర్రబడింది. "నేనా పరుగు? ముందు నువ్వు సాగదీయడం మాను!" అని వీధంతా వినపడేలా కేకేశాడు. నూకరాజు అటు చూడను కూడా చూడలేదు. చూపూ చేతులూ నా మీదే ఉన్నాయి. ఎంత అరిచినా లాభం లేదని తెలిసి, దైవసహాయం ఒళ్లుమండి, కాలితో నన్ను బలం కొద్దీ ఒక్క తన్ను తన్నాడు.

"వినపడిందిలేరా, అరవకు" అన్నాడు నూకరాజు. "పల్లవి నుంచి ఎత్తుకో."

దైవసహాయం చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుని పుల్లలు సర్దుకున్నాడు. ఈసారి నెమ్మదిగా కొట్టాడు.