లోపలి గడియ

"భవానీ, నీ డబ్బా జర పక్కకు జరుపు. కంచాలు వెట్టాలె" అంది అత్తగారు కౌసల్యమ్మ.

డబ్బా అంటే లాప్‌టాప్. దుర్గాభవాని దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, మూత మీద ఎండిన పప్పు మరకను చున్నీతో తుడిచింది. చిల్కానగర్‌లోని ఆ ఫ్లాటులో డైనింగ్ టేబులే ఆమె ఆఫీసు. శనివారం ఇంటి నుంచే పని. అంటే ఆఫీసు పనితో పాటు ఇంటి పని కూడా.

ఫ్లాటు కొన్నప్పుడు వెనక చిన్న గది చూపించి "ఇది నీ ఆఫీసు" అన్నాడు ఆమె భర్త జీవన్. ఆ మాట నమ్మి కిటికీకి పచ్చ పరదా కూడా కుట్టించుకుంది పిచ్చిది. ముందు అత్తగారి బియ్యం బస్తాలు వచ్చాయి. తర్వాత నారపల్లి ప్లాటులో ఎప్పుడో కట్టబోయే ఇంటికి ఇప్పుడే కొన్న టైల్స్. ఆ తర్వాత మరిది సురేష్ ఉప్పల్‌లో అమ్మే మొబైల్ కవర్ల అట్టపెట్టెలు. తలుపుకు గడియ కూడా బయటివైపే ఉంది, సామాన్లకు లోపలి గడియ ఎందుకు? అడిగినప్పుడల్లా జీవన్‌ది ఒకటే మాట: "తీపిస్తా. అయిపోయింది అనుకో." ఆమె అనుకుంటూనే ఉంది.

భవాని పనిచేసేది నాచారంలో మందుల నాణ్యత పరీక్షించే ల్యాబులో. పరీక్షల ఫలితాలు దాచే డేటాబేస్ ఆమె బాధ్యత. దాన్ని ఎండీ భూషణం, నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే ఒకే పెద్ద స్టోరేజీ పెట్టెలో పెట్టించాడు. సీసీ కెమెరాల వీడియోలూ అందులోకే, అకౌంట్లూ అందులోకే, ఆయన కూతురి పెళ్ళి ఫోటోలూ అందులోకే. వీడియోలు ఎక్కే వేళకు డేటాబేస్‌కు ఊపిరాడేది కాదు. ఎన్నిసార్లు చెప్పినా "అందరూ సర్దుకోవాలమ్మా" అనేవాడు భూషణం. రోజూ ఇంట్లో వినే మాటే కాబట్టి ఆమెకు కొత్తగా అనిపించలేదు.

పోయిన వారం కరెంటు ఒక్కసారి పోయి వచ్చింది. టెక్నీషియన్ కామాక్షి అప్పుడే ఎక్కించిన ఫలితాలు మాయమయ్యాయి. సేవ్ అయిందని కళ్ళారా చూశానని ఆ పిల్ల ఏడ్చింది. అయినా భూషణం మెమో తయారు చేయమన్నాడు. అప్పుడు లేచింది భవాని.

"కామాక్షి తప్పు లేదు సార్. రాసేశానని చెప్పింది ఆ పెట్టె. నిజంగా రాయలేదు, తర్వాత రాద్దామని పక్కన పెట్టుకుంది. ఈలోపు కరెంటు పోయింది. అందులో ఫైళ్ళకు వేసే తాళాన్ని కూడా నమ్మలేం, ఒక మిషన్ రాస్తుంటే ఇంకోటి వచ్చి అదే ఫైల్లో చెయ్యి పెడుతోంది. డేటాబేస్‌కు సొంత డిస్కు కావాలి. దాని జోలికి ఇంకెవరూ రాకూడదు. ఇది సర్దుకునేది కాదు సార్."

భూషణం మెమో ఆపమని చెప్పి, సరేనన్నాడు. నిన్నటికల్లా డేటాబేస్‌కు సొంత డిస్కులు వచ్చాయి, ఏసీ ఉన్న చిన్న గది వచ్చింది, తలుపుకు తాళం వచ్చింది. భవాని ఉత్తుత్తి ఫలితాలు ఎక్కించి, కావాలనే ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి చూసింది. ఒక్క అంకె పోలేదు. కామాక్షి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మురిసిపోవాల్సిన సమయం. కానీ ఆ గది తలుపు మూస్తుంటే భవానికి ఒళ్ళు మండిపోయింది. కుళ్ళు, అచ్చమైన కుళ్ళు. తోటికోడలి కొత్త హారం చూసి కూడా కుళ్ళుకోని మనిషి, ఒక ఇనప డబ్బాను చూసి కుళ్ళుకుంది. దీనికెంత భోగం? చల్లగా కూర్చుంటుంది. పనిలో ఉంటే ఎవరూ కదిలించరు. జర జరుగు అనరు, ఒళ్ళో బెండకాయలు పోసి ఆఫీసు కాల్‌లో మాట్లాడుకుంటూ తరగమనరు. పైగా దీని తరఫున ఎండీతోనే కొట్లాడిన మనిషి ఉంది. ఎవరా మనిషి? నేనే కదా. నాకు ఆ గొంతు ఉందని ఇంట్లో ఒక్కరికైనా తెలుసా, అసలు నాకైనా తెలుసా అని ఆటోలో ఉప్పల్ దాకా రగిలిపోయింది. రింగు రోడ్డు దగ్గర దిగి, హార్డ్‌వేర్ షాపులో ఒక గడియ కొనుక్కుంది.

ఇప్పుడు భోజనాలయ్యాయి. కంచాలు టేబుల్ మీదే వదిలేసి, భవాని చిన్న గదిలోకి వెళ్ళి అట్టపెట్టెలు హాల్లోకి లాగడం మొదలుపెట్టింది.

"వదినా, అది నా స్టాకు" అన్నాడు సురేష్.

"నీ రూంల పెట్టుకో."

"బస్తాలు హాల్ల ఉంటే వచ్చెటోళ్ళేమనుకుంటరే? జర సర్దుకోవాలె బిడ్డా" అంది కౌసల్యమ్మ.

"ఇది సర్దుకునేది కాదత్తమ్మా." నాచారంలో వాడిన గొంతే. కౌసల్యమ్మ తెల్లబోయి కొడుకు వైపు చూసింది.

"నేను తీపిస్తా అన్న గద" అన్నాడు జీవన్. "అయిపోయింది అనుకో."

"అనుకునుడు వద్దు. అయిందో లేదో నేనే సూసుకుంట."

బస్తాలూ టైల్సూ కూడా హాల్లోకి చేరాక, తలుపు లోపలివైపు గడియ పెట్టి తనే స్క్రూలు బిగించింది. ఒకటి వంకరగా దిగితే పీకి మళ్ళీ బిగించింది. లోపలికి వెళ్ళి తలుపు మూసి, గడియ వేసింది.

"జర అటుదిక్కు నుంచి నెట్టు" అంది జీవన్‌తో.

అతను నవ్వుకుంటూ నెట్టాడు. తలుపు కదల్లేదు. మళ్ళీ నెట్టాడు, ఈసారి నవ్వు లేదు.

"ఇంకా గట్టిగ" అంది భవాని లోపల్నుంచి.