కనకమ్మ కుడిచెయ్యి

మలికిపురం దాటాక కాలవగట్టున ఉన్న పీచు మిల్లులో పొద్దున్నే అందరికంటే ముందు పనిలోకి వచ్చేది కనకమ్మ కుడిచెయ్యి. మోచేతి దాకా ఉండేది, ఆకుపచ్చ మట్టిగాజులతో. గాజుల చప్పుడు వినపడగానే వాచ్‌మన్ మెయిన్ స్విచ్చి వేసేవాడు. ఆడకూలీలు క్యారేజీలు గోడవార పెట్టి, కొంగులు బిగించి, నానిన కొబ్బరి డొక్కల్ని మిషను నోట్లోకి తోయడం మొదలెట్టేవారు. లోపల ఇనపపళ్ళ డ్రమ్ము తిరుగుతూ డొక్కని చీల్చి పీచు ఇవతల పోసేది. ఎవరైనా ఆదమరిచి మరీ ముందుకి వంగితే చెయ్యి వచ్చి జాకెట్టు పట్టుకుని వెనక్కి లాగేది.

"ఆయ్, జరుగుతున్నా పిన్నీ," అని దానికి చెప్పి జరిగేవారు.

మిగతా కనకమ్మ ఇంటి దగ్గర ఉండేది. ఎడమచేత్తో వండుకునేది, ఎడమచేత్తోనే తినేది. మొదట్లో నలుగురిలో అలా తినడానికి చచ్చేంత సిగ్గుపడింది. ఆ సిగ్గుకి పరిహారం ఎవరూ లెక్కగట్టలేదు.

ఆ మిషను నోటికి ఒకప్పుడు ఇనప మూత ఉండేది. ఒక దసరాకి దాన్ని ఊడదీసి, కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి అమ్మవారి పటం ముందు పూజలో పెట్టారు. పండగయ్యాక బిగించబోతే యజమాని వీరవెంకటరమణ గారి తల్లి అడ్డుపడింది. "పూజ చేసినదాన్ని మళ్ళీ ఆ మురుగు డొక్కల్లో పెడతారేంట్రా, తప్పు కదూ!" అంది. కూలీలు చెంపలేసుకున్నారు, కనకమ్మతో సహా. మూత లేకపోతే పని జోరుగా సాగుతోందని రమణ గారూ కనిపెట్టారు. భక్తీ లాభమూ ఒకే వైపు లాగుతుంటే ఇక ఆయన మాత్రం ఏం చేస్తారు పాపం! మూత అమ్మవారి పక్కన మేకుకి వేలాడింది. రోజూ దానికో మందారం పెట్టేవారు. ఆ కార్తీకంలోనే కనకమ్మ చెయ్యి మిషన్లోకి పోయింది. ఆసుపత్రి నుంచి ఆమె ఇంటికొచ్చేసరికి చెయ్యి మిల్లుకెళ్ళి పని చేస్తోంది. ఆమె నిలబడ్డ చోట కోడలు నాగదుర్గ నిలబడింది. ఇల్లు గడవాలి కదా.

పనిలో దెబ్బతిన్నవాళ్ళని సలహా అడక్కుండా భద్రతా నియమాలు రాయకూడదని ఈమధ్య పైనుంచి ఆదేశం వచ్చింది. అమలాపురంలో ఓ సలహా సంఘం వేసి, బాధితుల తరఫున కనకమ్మని అందులో కూర్చోబెట్టారు. మొదటిరోజు శాలువా కప్పారు. ఒంటిచేత్తో పట్టుకోలేక అది జారిపోతుంటే, ఫొటో తీసేదాకా అటెండరు వెనకనుంచి పట్టుకున్నాడు.

కనకమ్మ దగ్గరున్న సలహా ఒక్కటే. ప్రతి సమావేశంలోనూ లేచి అదే చెప్పేది.

"మూత బిగించాల్సిందేనని రాయండమ్మా. నా కోడలు ఆ మిషను ముందే నించుంటందండి."

"మీ అనుభవం మాకు చాలా విలువైనదండి," అనేవారు అధ్యక్షురాలు ఉమాదేవి గారు. ఆ విలువైనదాన్ని అక్కడే వదిలేసి తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయేవారు. సమోసాలు మాత్రం ఏ రోజూ తప్పలేదు.

ఆఖరి సమావేశం రోజు పొద్దున్న, మిల్లుకి బయల్దేరుతూ నాగదుర్గ అడిగింది. "అత్తా, ఇయ్యాళైనా రాత్తారంటావా?"

"రాయించకుండా రానే," అంది కనకమ్మ.

హాల్లో నియమాలు చదివారు. మూత మాట దగ్గరికొచ్చేసరికి మిల్లుల తరఫున రమణ గారు గొంతు సవరించుకున్నారు.

"మా కనకమ్మ చెయ్యి పన్లోకొచ్చిన కాణ్ణించి మా మిల్లులో ఒక్క ప్రమాదం లేదండి. ఎందుకండీ మూత? పని కుంటుపడిపోద్ది."

ఉమాదేవి గారి మొహం వెలిగింది. "బాధితుల భాగస్వామ్యం అంటే ఇదే కదండీ!" అని అక్కడికక్కడే రాయించారు: బాధితుల చెయ్యి పని చేస్తున్న మిల్లుల్లో మూత తప్పనిసరి కాదు.

రాజోలు వైపు మిల్లు యజమాని బుల్లిరాజు గారు వినయంగా లేచారు. "మా మిల్లుకీ అలాంటి చెయ్యొకటి ఏర్పాటు చేసుకోవాలంటే ఎలాగండీ?"

ఎవరూ నవ్వలేదు. ఆ ప్రశ్న కూడా రాసుకున్నారు.

కనకమ్మకి ఒళ్ళు మండిపోయింది. "చెయ్యి నాదండి! నా కోడల్ని కాసుకోడానికెళ్ళింది గానీ మీ మిల్లుకి కాపలా కాయడానిక్కాదు. దానికి మాత్రం అలుపు రాదేంటండీ? ఈ కాయితం మీద నేను సంతకం పెట్టను."

"మీ అభ్యంతరాన్ని గౌరవిస్తామండి," అన్నారు ఉమాదేవి గారు. "మిగతా అందరూ పెడుతున్నారు, సరిపోతుంది."

సంతకాల కాగితం బల్ల చుట్టూ తిరిగి ఉమాదేవి గారి దగ్గరికి చేరుతుండగా కనకమ్మ కెవ్వుమంది. కుడిచెయ్యి ఉండాల్సిన చోట మళ్ళీ ఆ ఇనపపళ్ళు దిగాయి. ఒకసారి పడిన బాధే కాబట్టి పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. "అయ్యో, నాగదుర్గా!" అంటూ కుర్చీలోంచి లేచింది.

రమణ గారి ఫోను మోగింది. ఆయన విని, నుదురు తుడుచుకుని, ఊపిరి పీల్చుకున్నారు.

"కంగారేం లేదండి. నాగదుర్గ కొంగు మిషను లాగేసిందంట. చెయ్యొచ్చి పిల్లని అవతలకి తోసేసిందంట. పిల్లకి గీత కూడా పడలేదండి. చెయ్యే... లోపలికెళ్ళిపోయిందంట. గాజుముక్క కూడా దొరకలేదంటన్నారు."

"మనిషికి దెబ్బ తగల్లేదు కదా," అన్నారు ఉమాదేవి గారు. "అయితే ప్రమాదం కింద రాయక్కర్లేదు."

కనకమ్మ కోడలికి ఫోన్ చేసింది.

"రెండు చేతులూ ఉన్నాయా? వేళ్ళన్నీ చూసుకున్నావా?"

"ఉన్నాయత్తా. నీదే..." నాగదుర్గ వెక్కుతోంది.

"నాది పోతే పోయింది. ఇంటికెళ్ళిపో. ఇంకెప్పుడూ ఆ గుమ్మం తొక్కకు. గంజి తాగి బతుకుదాం."

ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నాగదుర్గ ఆ రోజే మిల్లు మానేసింది, మళ్ళీ ఏ మిషను ముందూ నిలబడలేదు. ఆ నియమాల వల్ల బాగుపడ్డవాళ్ళు ఎవరూ లేరు గానీ, ఆ చెయ్యి వల్ల బాగుపడ్డది ఆమె ఒక్కతే.

హాల్లో మాత్రం ఇంకో చిక్కు మిగిలింది. "రేపటి షిఫ్టుకి మా మిల్లులో చెయ్యి లేదు కదండీ మేడమ్," అన్నారు రమణ గారు. "ఇప్పుడు రాసిన దాని ప్రకారం మూత పెట్టాలేమోనండి?"

ఉమాదేవి గారు తడి ఆరని సంతకాల వైపు చూశారు. తర్వాత, ఇంకా ఫోను పట్టుకునే ఉన్న కనకమ్మ ఎడమచెయ్యి వైపు చూశారు. బుల్లిరాజు గారూ చూశారు. ఒకరి తర్వాత ఒకరు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా అటే చూశారు.

కనకమ్మ ఫోను వదిలేసి చేతిని కొంగు కింద దాచుకుంది.

"కనకమ్మ గారండీ," అన్నారు రమణ గారు, ఇన్నేళ్ళలో మొదటిసారి గారు తగిలించి, కుర్చీ ఆమె దగ్గరికి లాక్కుంటూ.