ఇద్దరికీ ఒకే బిళ్ళ

ఒకసారి వెళ్ళొస్తే సరదా అంటారు. రెండోసారి వెళ్తే ముచ్చట అంటారు. ఏటేటా అదే దేశానికి, అందులోనూ సగం తలుపులు మూసిపెట్టుకున్న దేశానికి వెళ్తుంటే? పిచ్చి అంటారు. కళ్ళజోళ్ళ కొట్టావిడను ఊరంతా అదే అంది. అక్కడ పరాయివాళ్ళు గైడు వెనకాలే నడవాలి, చూపించిందే చూడాలి, ఫోన్లు సరిహద్దులోనే అప్పగించాలి. ఆ చూపించేదైనా కొత్తదా అంటే, ఎప్పుడూ అదే గడియారపు స్తంభం, అదే మ్యూజియం, అదే చెరువు. చూసిందే చూడ్డానికి అంత దూరం దేనికని కొట్టుకొచ్చినవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆవిడ నవ్వేసి, అద్దాలు తుడిచి చేతికిచ్చేది. నోరు విప్పితే అసలు సంగతి బయటపడుతుంది మరి.

అసలు సంగతి వదిన.

వదినంటే ఆవిడ అన్నగారి భార్య, సిటీ బస్సు డ్రైవరు. గొంతు ఆ బస్సు హారన్‌కి ఏమాత్రం తీసిపోదు. ఆ గొంతుతోనే ఒక పెళ్ళి భోజనాల దగ్గర, మా ఆడపడుచు చేసిచ్చిన కళ్ళజోడు పెట్టుకుంటే మెట్లు కదులుతున్నాయర్రా అని నలుగురిలో అనేసింది. కళ్ళజోళ్ళు అమ్ముకు బతికే మనిషిని పట్టుకుని ఆ మాటంటే తల తీసేసినట్టు కాదూ? ఆ రోజుతో మాటలు బంద్. ఒకే ఇంట్లో ఈవిడ ముందుగదిలో ఉంటే ఆవిడ వంటింట్లో. మధ్యలో అన్నగారు అడకత్తెరలో పోకచెక్క.

విడ్డూరం వినండి. ఒకరి మొహం ఒకరికి కనబడని చోటు కావాలని, ఒకరికి తెలియకుండా ఒకరు ఆ టూరుకే పేరిచ్చారు. ఎవరూ వెళ్ళని దేశం కదా, తెలిసిన మొహం తగలదులే అని ఇద్దరి లెక్కా ఒకటే. కొట్టావిడ బస్సెక్కి చూస్తే కిటికీ పక్కన వదిన!

సరిహద్దులో గైడు పిల్ల నియమాలు చదివింది. అక్కడ ఎవరూ ఒంటరిగా తిరగకూడదట. ఇద్దరిద్దరికీ కలిపి ఒకే గుర్తింపు బిళ్ళ, అది మెడలో లేకుండా హోటల్ గుమ్మం దాటనివ్వరట. మిగతావాళ్ళంతా మొగుడూ పెళ్ళాలు, మిగిలింది వీళ్ళిద్దరూ. చచ్చినట్టు ఆ బిళ్ళ పంచుకున్నారు. మొదటిరోజంతా ఆవిడ మూతి అటు, ఈవిడ మూతి ఇటు.

మర్నాడు గడియారపు స్తంభం మెట్లు దిగుతూ వదిన గోడ పట్టుకుని ఆగిపోయింది. కొట్టావిడ చూసింది. జోడు మరీ పైకెక్కి కూర్చుంది, కింది సగంలో ఉండే చదువుకునే అద్దంలోంచి మెట్లు చూస్తోందీ మహాతల్లి. ఇక ఉండబట్టలేకపోయింది. ఆ జోడు లాక్కుని, చెవులకు పెట్టుకునే కాడలు రెండూ కాస్త వంచి, కొంచెం కిందికి దిగేలా మళ్ళీ పెట్టింది. వదిన మెట్లు దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగింది.

"కదలట్లేదే" అంది.

ముందు ఎవరు నవ్వారో గానీ, ఆ నవ్వు చెరువు దాకా ఆగలేదు. ఇద్దరూ తొక్కుడు పడవెక్కి, వదిన ఎడమకీ ఈవిడ కుడికీ తిప్పుతూ గిరగిరా ఒకచోటే తిరిగారు. స్తంభం వెనకాల ఒక సందుకి తాడు కట్టి ఉంది, పరాయివాళ్ళు పోకూడదని. లోపల రాజుగారి మేడ ఉందని వదిన పందెం, ఏదో పాత గోదాం అని ఈవిడ పందెం.

ఇంటికొచ్చాక మళ్ళీ మామూలే. అక్కడ నియమం కలిపింది, ఇక్కడ ఎవరు కలుపుతారు? ముందు నేనెందుకు తగ్గాలని ఈవిడ, నేను మాత్రం ఎందుకు తగ్గాలని ఆవిడ. ఏడాదంతా ఉలుకూ పలుకూ లేదు. టూరు రోజొస్తే మాత్రం వదిన డ్రైవర్ల విహారయాత్ర అని ఇంట్లో చెప్పి బస్సులో హాజరు. అలా ఏళ్ళు గడిచాయి.

ఈసారి గైడు పిల్ల మొహం వెలిగిపోతోంది. ఆంక్షలు ఎత్తేశారట. ఎవరి బిళ్ళ వాళ్ళదే, ఎవరిష్టం వచ్చిన చోటికి వాళ్ళు వెళ్ళొచ్చట. అందరూ చప్పట్లు కొట్టారు. వదిన తన బిళ్ళ మెడలో వేసుకుని, "హమ్మయ్య, బతికాం" అంది.

కొట్టావిడ తన బిళ్ళ మెడలో వేసుకోనే లేదు. అయితే ఇన్నేళ్ళూ నియమం కోసమేనా ఆ నవ్వులు?

తెల్లారి చూస్తే వదిన గదికి తాళం. కొట్టావిడ ఒక్కతే చెరువుకు వెళ్ళింది. ఒక్కరైతే తొక్కుడు పడవ ఇవ్వనన్నాడు పడవతను. గట్టు మీద కూర్చుంటే ఏడుపొచ్చింది, కాసేపు సిగ్గు లేకుండా ఏడ్చింది. తర్వాత కాళ్ళు వాటంతటవే గడియారపు స్తంభానికి తీసుకెళ్ళాయి.

మెట్ల మీద వదిన కూర్చుని ఉంది, మొహం కందగడ్డ చేసుకుని.

"ఎక్కడికి పోయావు? పొద్దుట్నుంచి కూర్చున్నాను."

"నా తలుపు కొట్టొచ్చుగా."

"ముందు నేనెందుకు కొట్టాలి? నియమం లేకపోయినా వస్తావో రావో చూద్దామని."

"నిన్న హమ్మయ్య అన్నావుగా, వదినా."

"నువ్వంటావేమోనని భయమేసింది. అందుకే ముందు నేననేశాను."

కొట్టావిడ పక్కన కూలబడింది. సందుకి తాడు లేదు. చూశావా అనడిగితే వదిన తల అడ్డంగా ఊపింది. "సందు మొగ దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. నువ్వు లేకుండా చూస్తే పందెం ఎవరితో తేల్చుకోను?"

ఇద్దరూ చేతులు పట్టుకుని సందులోకి నడిచారు. మేడా లేదు, గోదామూ లేదు. దండేల మీద బట్టలు, ఒక పిల్లి, గుమ్మంలో గిన్నెలు తోముకుంటున్న ఒకావిడ. ఇన్నేళ్ళ పందెం దీనికోసమా అని వదిన నవ్వితే, గిన్నెలావిడ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేసింది.

ఇంటికి చేరిన మర్నాడు కొట్టావిడ పట్టపగలే కొట్టుకు తాళం వేసి, వదిన బస్సెక్కడానికి స్టాపుకు బయల్దేరబోయింది. నడవనే లేదు, స్టాపు కాని చోట, తన కొట్టు ముందే బస్సు ఆగింది. నిండా జనం. హారన్ మోగింది. "అమ్మాయ్, ఎక్కు" అని కిటికీలోంచి హారన్ని మించిన గొంతు. అదే క్షణంలో ఈవిడా "వదినా" అని కేకేసింది. వీధి వీధంతా విన్నది.

ముందు పిలిచింది నేనంటే నేనని ఆ ఇద్దరూ ఈనాటికీ వాదించుకుంటున్నారు. తీర్పు చెప్పమంటే అన్నగారు వంటింట్లోకి పారిపోతున్నారు.