మెరుగు పెట్టిన అతుకు

ఉదయం ఎనిమిదీ పదికి విద్యుత్ కేంద్రంలో ఆవిరి గొట్టం అతుకు దగ్గర పగిలింది. కింద నిలబడ్డ వెల్డరు అక్కడే చనిపోయాడు. పైన సన్నగా ఆవిరి చిమ్ముతోందని ఎవరో చెబితే చూడ్డానికి వెళ్లాడు. ఆ అతుకు అతను వేసిందే. పరీక్షించి బాగుందన్నది అతని బావమరిది.

అది స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం. పొద్దున ఐదువందల డిగ్రీలు దాటిన ఆవిరి వదిలితే సాగుతుంది, సాయంత్రం ఆపితే ముడుచుకుంటుంది. రెండు చివర్లూ బిగించి ఉండటంతో ఆ లాగుడు అతుకు మీద పడుతుంది. అక్కడ పగులుంటే రోజూ కొంత పెరుగుతుంది. ఆ వేడికి ఇంకా త్వరగా పెరుగుతుంది.

కిందటి మరమ్మతుల్లో బావమరిది అతుకు మీద ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లాడు. పగుల్లోకి దిగిన రంగు తిరిగి పొడి మీదికి వస్తుంది. గోరంత గీత వచ్చింది. వెల్డరు ఆ చోటు చెక్కి మళ్లీ నింపాడు. రెండో పరీక్షకు ముందు, ఎవరూ అడక్కుండానే, గ్రైండరుతో అద్దంలా మెరుగు పెట్టాడు. బావమరిదికి చూడ్డం తేలికవుతుందనుకున్నాడు.

"ఏం బావా, ఇందులో చూసి తల దువ్వుకోవాలా?" అన్నాడు బావమరిది.

"మీ అక్కనిచ్చేటప్పుడు మీవాళ్లు నన్ను ఒక్కసారే చూశార్రా. ఈ అతుక్కి రెండుసార్లా? సరే, కానియ్."

గ్రైండరు పడితే లోహం పొరలా సాగి పగులు నోరు మూసేస్తుంది. ముందు యాసిడ్‌తో ఆ పొర తీసి, తర్వాత రంగు పూయాలి. బావమరిదికి ఆ సంగతి తెలుసు. దానికి ఇంకో గంట పడుతుంది. త్వరగా కానివ్వమని మేనేజరు అప్పటికే రెండుసార్లు కబురు పెట్టాడు. బావమరిది నేరుగా రంగు పూశాడు. గీత రాలేదు.

దహనానికి వచ్చినవాళ్లలో ఒకరు, చేసిన పనే మనిషిని మింగిందన్నారు. ఆ మాట అక్క చెవిన పడింది. రాత్రి తమ్ముణ్ణి పక్కకు పిలిచింది. "ఆయన చేతిలో పని చెడిందంటున్నారు. నిజమో కాదో తేల్చుకుని రా. అప్పుడు ఇంట్లోకి రా."

అతుకులో చీలకుండా మిగిలిన ముక్కను ప్రయోగశాలలో తమ్ముడి ఎదుటే పరీక్షించారు. మొదట ఉన్నదున్నట్టు రంగు పూశారు. గీత లేదు. యాసిడ్‌తో కడిగి పూశారు. గీత వచ్చింది. అది కొత్తగా నింపిన లోహంలో లేదు, దాని పక్కన చెక్కకుండా మిగిలిన పాత పగులు కొసలో ఉంది.

అతను వెళ్లి గుమ్మం బయటే నిలబడి అంతా చెప్పాడు. కొస మిగిల్చింది బావే అని కూడా చెప్పాడు. అక్క చివరిదాకా విన్నది.

"ఆ యాసిడ్ ఆ రోజు దొరకలేదా?"

"స్టోరులో ఉందక్కా. నేను అడగలేదు."

అక్క లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.