పిడుగు ఎడమ మడమ

హీరోయిన్ పిల్ల తొమ్మిదోసారి పడేసరికి ఫైట్ మాస్టర్ తల పట్టుకుని చాప మీదే కూలబడ్డాడు.

రిహార్సల్ హాల్లో గోడ వారగా కుర్చీలో టీ గ్లాసుతో కూర్చున్న బొమ్మలాయనకి మనసు చివుక్కుమంది. ఇరవై రెండేళ్ళ కిందట టీవీ ముందు పిల్లల్ని కట్టిపడేసిన బొమ్మల సీరియల్ ఆయన గీసిందే. అందులో పిడుగు అనే పిల్ల ఎడమ మడమ నేల మీంచి రవ్వంత లేపి, ఒక పక్కకి ఒరిగి నిలబడితే చాలు, భూమిలోంచి మెరుపు పాక్కుంటూ ఆమె చేతుల్లోకి ఎక్కేది. ఎదురుగా ఎంతటి రాక్షసుడున్నా దూదిపింజలా ఎగిరిపోవలసిందే. ఆ రోజుల్లో అలా నిలబడబోయి ఇంట్లో ఏదో ఒకటి పగలగొట్టి, అమ్మ చేత వీపు వాయించుకోని పిల్లలు లేరు. ఆ పిల్లలే పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళలో ఒకడు డైరెక్టరై, ఇప్పుడు ఆ కథనే నిజం మనుషులతో తీస్తున్నాడు.

చిక్కంతా నిజం మనుషులతోనే వచ్చింది. కాగితం మీద గీసిన పిల్లకి బరువుండదు. కొండ మీంచి దూకించినా మోకాలు వాయదు, ఒక పక్కకి ఎంత ఒరిగించినా పడదు. గీసినవాడు చెయ్యి తీసేవరకూ నిలబడే ఉంటుంది. ఈ పిల్లకి ఇరవై ఏళ్ళు, యాభై కిలోలు, పైగా తలమీద కిలోన్నర విగ్గు. మడమ లేపి ఒరగడమే ఆలస్యం, చాప పిలిచినట్టు వెళ్ళి పడుతోంది.

"సార్, మీరు చూసిన కొంగ ఏ జాతిది సార్?" అన్నాడు ఫైట్ మాస్టర్ నీరసంగా.

బొమ్మలాయనకి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఆ నిలబాటు ఎక్కణ్ణుంచి వచ్చిందని అప్పట్లో ఒక పత్రికవాళ్ళు అడిగితే, మడుగులో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగని చూసి గీశానని చెప్పాడు. అడిగిన ప్రతివాడికీ అదే చెప్పగా చెప్పగా, ఆ కొంగ రెక్క మీద ఒక మచ్చ కూడా వచ్చి చేరింది.

"కొంగ అంటే... మామూలు కొంగే" అన్నాడు.

"పదిహేను రోజులుగా కొంగల వీడియోలే చూస్తున్నా సార్. జూకి వెళ్ళి ఒక పూటంతా దాని ఎదురుగా నిలబడ్డా. అది చేప కోసం చూస్తుంది, నేను దాని మడమ కోసం చూస్తున్నా. మా ఆవిడ నిద్రలో కూడా ఒంటికాలు ముడుస్తున్నావంటోంది. కొంగ ఇలా ఒరగదు సార్! ఒరిగితే అదీ పడుతుంది."

డైరెక్టర్ వచ్చి వాచీ చూసుకున్నాడు. "శుక్రవారం దాకా చూద్దాం మాస్టర్. రాకపోతే మడమ సంగతి వదిలేసి మామూలుగా నిలబెట్టేద్దాం" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట వినగానే బొమ్మలాయన ఊపిరి పీల్చుకున్న మాట నిజం. మడమ పోతే కొంగ పోతుంది, కొంగ పోతే ఇంకెవరూ ఏమీ అడగరు. తేలు కుట్టిన దొంగలా ఇన్నేళ్ళు మూసుకున్న నోరు ఇంకా హాయిగా మూసుకోవచ్చు. అంతలో వాచిన మోకాలి మీద ఐసు పెట్టుకుంటున్న హీరోయిన్ పిల్ల, "మడమ తియ్యొద్దని చెప్పండి మాస్టారూ. అది లేకపోతే ఆ అమ్మాయి పిడుగే కాదు. ఇంకోసారి చేస్తా" అంటూ లేచి నిలబడింది. మళ్ళీ పడింది.

బొమ్మలాయన గ్లాసు కింద పెట్టాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

"కొంగ కాదు మాస్టారూ. మా అక్క" అన్నాడు.

అక్కకి రెండేళ్ళ వయసులో జ్వరమొచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఎడమకాలి బలం కాస్త పట్టుకుపోయింది. ఆ కాలు రెండు వేళ్ళంత పొట్టి. నిలబడితే మడమ నేలకి ఆనదు. వీధిలో పిల్లలు ఆమె వెనక వరస కట్టి అలాగే నడిచేవాళ్ళు. ఒకరోజు ఆ వరస చివర, తనకి ఏడేళ్ళప్పుడు, తమ్ముడు కూడా నడిచాడు. అందరూ నవ్వుతుంటే తనూ వాళ్ళలో ఒకడు కావాలనిపించింది, అంతే. అక్క వెనక్కి తిరిగి చూసింది. ఏమీ అనలేదు. ఎనిమిది రోజులు మాట్లాడలేదు. ఆ ఎనిమిది రోజుల్లో అన్నం ముద్ద గొంతు దిగలేదు వాడికి. ఇంక జన్మలో అక్క నడకని నడవనని ఒట్టు పెట్టుకున్నాడు. అలాంటివాడు ముప్పై ఏళ్ళ వయసులో అదే నడకని గీసి దేశమంతటికీ చూపించాడు. అది వెక్కిరింత కాదు. గొప్ప బలం ఉన్న పిల్ల ఎలా నిలబడుతుందా అని కళ్ళు మూసుకుంటే అక్కే కనబడింది మరి. ఆ సంగతి అక్కకి ఎలా చెప్తాడు? ఈసారి ఎనిమిది రోజులతో పోదు, ఉన్న ఒక్క తోబుట్టువూ జన్మకి దూరమైపోతుందని భయం.

అక్కకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. సాయంత్రం వెళ్ళేసరికి ఎవరిదో ఫ్రేముకి చీమతలంత స్క్రూ బిగిస్తోంది.

"రారా చిన్నోడా. మొహం అలా ఉందేం?"

"ఒక మాట చెప్పాలి. కోప్పడకూడదు."

"కోప్పడొద్దని ముందే అంటున్నావంటే కోప్పడే పనే చేసుంటావు. చెప్పు."

"పిడుగు ఉంది కదక్కా... ఆ నిలబాటు... అది కొంగది కాదు."

"తెలుసు" అంది అక్క, స్క్రూ తిప్పుతూనే.

"ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచి. ఒరేయ్, బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఈ కాలితోనే తిరుగుతున్నా, నా నడక నాకు తెలీదా? నువ్వు టీవీలో కూర్చుని రెక్క మీద మచ్చ ఉన్న కొంగ అంటుంటే, ఇదేం కొంగజపంరా అని నవ్వుకున్నా."

"కోపం రాలేదా?"

"మొదట్లో గుండె ఝల్లుమంది. లేదని ఎందుకనాలి? మళ్ళీ మొదలెట్టారా అనుకున్నా." అక్క ఫ్రేముని దీపానికెదురుగా పట్టుకుని చూసింది. "తర్వాత ఒకరోజు ఓ పిల్లాడు వాళ్ళ నాన్నతో కళ్ళజోడు కోసం వచ్చాడు. ఆ నాన్న ఎవరనుకున్నావు? చిన్నప్పుడు మన వీధిలో నా వెనక కుంటినడక నడిచినవాడే. నేను అద్దాలు తేవడానికి లోపలికెళ్ళి వస్తుంటే పిల్లాడు నోరు తెరుచుకుని చూసి, ఆంటీ, మీకు పిడుగు నడక భలే వచ్చే! నాకూ నేర్పరా అన్నాడు. వాళ్ళ నాన్న తల ఎత్తితే ఒట్టు. ఆ రోజు ఇంటికెళ్ళి కడుపారా ఏడ్చానురా. మంచి ఏడుపే."

బొమ్మలాయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇరవై రెండేళ్ళ బరువు ఒక్క నిమిషంలో దిగిపోయింది. నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళొచ్చాయి, ముక్కు కూడా కారింది. అక్క కళ్ళజోళ్ళు తుడిచే గుడ్డ ఆయన మీదికి విసిరింది.

"తుడుచుకో. కోపం లేదని నేననలేదు. ఉంది. అది వేరే."

ఆయన గుడ్డ ముక్కు దగ్గరే ఆగిపోయింది.

"చివరి భాగంలో ఆ పిల్ల రెండు మడమలూ నేలకి ఆనించావు" అంది అక్క. "కొండమీద ముసలాయన వరమిచ్చాడు, కాలు సరైపోయింది. వెలుగొచ్చింది, పూలు రాలాయి. ఎందుకు చేశావా పని?"

"నీకు బాగవ్వాలనక్కా. చిన్నప్పుడు రోజూ పడుకునే ముందు అదే కోరుకునేవాణ్ణి. నిజంలో కుదరలేదు, కనీసం బొమ్మలోనైనా..."

"నాకేమైందిరా బాగవడానికి?"

ఆయన చేతిలో గుడ్డని మడతపెట్టసాగాడు.

"నలభై భాగాలు ఆ కాలితోనే ఆ పిల్లని అందరి మీదా గెలిపించావు. తీరా చివరికొచ్చేసరికి ఆ కాలే పనికిరానిదైందా? ఇదొక్కటి అడుగుదామని ఇన్నేళ్ళూ చూశా. నువ్వు నోరు విప్పితే కదా!" అక్క లేచి షాపు దీపాలు ఆర్పింది. "పద. ఆ పిల్ల మోకాలు విరగ్గొట్టకముందే పోదాం. కానీ చిన్నోడా, ఈసారి చివర్లో నన్ను బాగుచెయ్యొద్దు."

హాల్లో అక్క వచ్చి నిలబడగానే ఫైట్ మాస్టర్ ఆమె చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. అయిదోసారి నేలమీద బోర్లా పడుకుని చూశాడు.

"ఒరుగుతున్నారు గానీ పడటం లేదేంటమ్మా?"

"యాభై మూడేళ్ళు పడి పడి నేర్చుకున్నాను బాబూ" అని, అక్క హీరోయిన్ పిల్ల చెయ్యి తీసుకుని తన కుడి నడుం మీద పెట్టుకుంది. "చూడు తల్లీ, బరువంతా ఇక్కడ కూర్చుంటుంది. నువ్వు వేళ్ళ మీద వేస్తున్నావు, అందుకే పడుతున్నావు. ఆ ఎడమకాలి వేళ్ళు మొయ్యవు. నేల ఎలా ఉందో కనుక్కుంటాయి, అంతే. బల్ల ఊగుతుందా, రాయి జారుతుందా అన్నది నీకంటే ముందు వాటికే తెలుస్తుంది."

పిల్ల నడుం కిందికి దించింది. ఒరిగింది. హాల్లో అందరూ పడుతుందని చేతులు చాచారు. పడలేదు. ఇంకా కాస్త ఒరిగింది. అక్క ఆమె భుజం మీద చిన్నగా తోసింది. అయినా పడలేదు.

"మెరుపు ఎక్కడం అంటే ఇదేనా ఆంటీ? కాలిలోంచి ఏదో పైకి వస్తున్నట్టుంది!" అని అరిచింది పిల్ల.

"మెరుపో తిమ్మిరో నాకు తెలీదు గానీ, వస్తుంది" అంది అక్క.

బొమ్మలాయన ఆ నడుం వైపే చూశాడు. ఇన్నేళ్ళు అక్కని చూసి మడమ ఒక్కటే గీశాడు. పనంతా చేసేది నడుమని ఆయన కంటికి ఆననే లేదు.

అక్కడితో కథ సుఖాంతం కావలసింది. కానీ చివరి సీను మార్చమని డైరెక్టర్ని అడగడం ఇంకా మిగిలింది. ఆయన అడిగాడు, అడగనట్టే అడిగాడు. "రెండు మడమలూ ఆనిన బొమ్మే కదా సార్ పోస్టరు మీదున్నది? మారిస్తే అభిమానులు మనల్ని బతకనివ్వరు" అన్నాడు డైరెక్టర్. బొమ్మలాయన సరేనన్నాడు. ఆ సంగతి అక్కతో అనలేక నాలుగు నెలలు నీళ్ళు నమిలాడు. అక్క వారానికి మూడు రోజులు షాపు మూసి వచ్చి ఆ పిల్లకి నేర్పుతూనే ఉంది. గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె "చిన్నోడా" అన్నప్పుడల్లా ఈయన ఉలిక్కిపడ్డాడు.

చివరి సీను తీసే రోజు రానే వచ్చింది. పిడుగు తీగలకి వేలాడుతూ పైనుంచి దిగాలి, రెండు మడమలూ నేలకి ఆనించి నిటారుగా నిలబడాలి, పైనుంచి పూలు రాలాలి. అక్క కెమెరా పక్కన కుర్చీలో కూర్చుంది. ఏం తీయబోతున్నారో కాగితం మీద చదివింది. తమ్ముడి వంక చూసింది.

ఆ చూపు ఆయనకి బాగా గుర్తున్న చూపే.

పిల్ల దిగింది, రెండు మడమలూ ఆనించింది, తూలింది. రెండోసారి తూలి ఫైట్ మాస్టర్ మీద పడింది. మూడోసారి నెత్తిన పూలతో సహా చతికిలపడింది.

"ఏమైందమ్మా నీకు? మామూలుగా నిలబడటమే కదా!" అన్నాడు డైరెక్టర్.

"రావట్లేదు సార్" అంది పిల్ల, విగ్గులోంచి పూలు ఏరుకుంటూ. "రెండూ ఆనిస్తే నేల ఎక్కడుందో తెలియట్లేదు. నా కాలితో నన్ను దిగనివ్వండి."

డైరెక్టర్ బొమ్మలాయన వైపు తిరిగాడు. "గీసింది మీరు. చెప్పండి సార్, ఇప్పుడేం చేద్దాం? రేపు జనం అడిగితే ఏమని చెప్పమంటారు?"

హాలు నిండా వందమంది ఉన్నారు. కానీ అక్క ముందు ఇంకోసారి నలుగురితో కలిసి వరస చివర నిలబడటం కన్నా చావు నయమనిపించింది బొమ్మలాయనకి.

"నేను తప్పు గీశానని చెప్పండి" అన్నాడు, అందరికీ వినబడేలా. "కొంగ కథ అబద్ధమని కూడా చెప్పండి. అది మా అక్క కాలు. అదిగో, ఆవిడే మా అక్క. ఆమె కాలికి ఏమీ కాలేదు. బాగుచెయ్యడానికి నేనెవర్ని?"

డైరెక్టర్ గడ్డం గోక్కుని, "పూలు ఆపండి. అమ్మాయ్, నీకు వచ్చినట్టే దిగు" అన్నాడు.

పిల్ల పైనుంచి దిగింది. నడుం కుడిపక్కకి కూర్చుంది. ఎడమకాలి వేళ్ళు నేలని అడిగాయి. మడమ రవ్వంత లేచి ఉంది. ఆ పిల్ల అలా ఒరిగి నిలబడి, ఇంక ఎవరు తోసినా కదలనన్నట్టు తల ఎత్తి చూసింది.

డైరెక్టర్ కట్ చెప్పడం మర్చిపోతే ఫైట్ మాస్టర్ చెప్పాడు.

అక్క కుర్చీలోంచి లేచింది. అంత పెద్ద హాలు మధ్యనుంచి, అన్ని దీపాల వెలుగులో, ఆ పిల్ల దగ్గరికి తన నడకే నడుచుకుంటూ వెళ్ళింది. తోవలో తమ్ముడి దగ్గర ఆగి, నెత్తిమీద ఒక మొట్టికాయ వేసి, మళ్ళీ కదిలింది. బొమ్మలాయన ఇన్నేళ్ళూ ఆ నడకని దొంగచాటుగానే చూశాడు. ఇవాళ తల తిప్పుకోకుండా, చివరి అడుగు దాకా చూశాడు. ప్రాణం తేలికపడింది.