విడిది దుప్పటి

రెండువందల నాలుగో నంబరు గది తలుపు తీయగానే కృష్ణప్రియ చేసిన మొదటి పని దిండు ఎత్తి చూడడం. దిండు కింద రెండు పొడుగాటి వెంట్రుకలు, ఒక చాక్లెట్‌ కాగితం ఉన్నాయి. పైన కప్పిన రగ్గు తొలగించి చూస్తే పక్క దుప్పటి మధ్యలో అరచెయ్యంత టీ మరక. బాత్‌రూమ్‌లో ఎవరో రుద్దుకుని వదిలేసిన సబ్బుముక్క, దానికంటుకుని ఇంకో వెంట్రుక, బకెట్టు అడుగున పాచి. మగ్గు అసలు లేనేలేదు. కమోడ్‌ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది, ఇది అన్నం తింటూ చదివేవాళ్ళు కూడా ఉంటారు.

పెళ్ళి ఆమె ఆడపడుచు కొడుకు నవీన్‌బాబుది. మగపెళ్ళివారంతా నందిగామ నుంచి రెండు బస్సుల్లో, నాలుగు కార్లలో జగ్గయ్యపేట వచ్చి దిగారు. అరగంట ప్రయాణమే అయినా విడిది విడిదే. పొద్దున తొమ్మిదిముప్పావు ముహూర్తానికి ముందురోజు సాయంత్రమే ఎదురుకోలు అయిపోవాలని పెద్దవాళ్ళు పట్టుబట్టారు. పెళ్ళికూతురు గీతాంజలి తండ్రి బసవయ్య, హైవే పక్కన ఉన్న ఈ హోటల్లో రెండో అంతస్తు మొత్తం మాట్లాడాడు. ఫోన్లో ఫొటోలు చూసే మాట్లాడాడు. ఆ ఫొటోలు హోటల్‌ తెరిచిన రోజుల్లోవి. అప్పుడు దుప్పట్లు మల్లెపువ్వుల్లా ఉండేవట.

కృష్ణప్రియ గడియ వేసింది. అత్తగారు రత్తమ్మ కింద కాఫీ తాగుతోంది, అది ముగించి లిఫ్టులో పైకి రావడానికి పావుగంట పడుతుంది. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని పనిలోకి దిగింది. ఎందుకు దిగిందని అడగక్కర్లేదు. ఆ పావుగంటలో ఆమె అత్తగారి కోసం పని చెయ్యలేదు, మొగుడి కోసం చెయ్యలేదు. ఇంకా మొహం కూడా సరిగా చూడని గీతాంజలి కోసం చేసింది.

పందొమ్మిదేళ్ళ కిందట కృష్ణప్రియ పెళ్ళికి కూడా ఒక విడిది ఉంది. అప్పటికి అత్తగారివాళ్ళు ఇంకా నందిగామలో కాపురం పెట్టలేదు. నందిగామ బస్టాండు ఎదురుగా ఒక లాడ్జిలో వాళ్ళ నాన్న ఎనిమిది గదులు తీసుకున్నాడు. ఆ రాత్రి రత్తమ్మని నల్లులు కుట్టాయి. తెల్లారేసరికి ఆ సంగతి పీటల దాకా వచ్చింది. తాళి కట్టాక కూడా అది పోలేదు, కాపురానికి ఆమెతో పాటే వచ్చింది. కూరలో ఉప్పు తగ్గితే, "నల్లుల విడిదిచ్చినవాళ్ళ పిల్లవి, నీకేం తెలుస్తాయిలే ఇవన్నీ" అనేవాడు మొగుడు కిషోర్‌బాబు. నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వే ఎక్కువ మండేది. చుట్టాలొస్తే రత్తమ్మ మొదలుపెట్టేది: "వీళ్ళ నాన్న మంచోడేలే, కానీ ఆ విడిదిలో ఆ నల్లులు తల్లీ! వీపంతా దద్దుర్లే." ఆ ఒక్క మాట పడకూడదని కృష్ణప్రియ ప్రతి ఆదివారం ఇంట్లో ఎనిమిది దుప్పట్లు వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి డాబా మీద ఆరేసింది. వారమంతా స్కూల్లో పిల్లలకి సోషల్‌ పాఠాలు చెప్పి, ఆదివారం దుప్పట్లు. ఎన్ని ఆదివారాలో ఆమె ఎప్పుడూ లెక్క వెయ్యలేదు, వేస్తే ఏడుపొస్తుందని.

నాన్న సంగతి ఇంకా ఘోరం. వీరులపాడు నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా సంచిలో తన దుప్పటి తనే తెచ్చుకునేవాడు. "ఎందుకు నాన్నా?" అంటే, "నాకు నాది లేకపోతే నిద్ర పట్టదమ్మా" అనేవాడు. వరండాలో మడతమంచం మీద పడుకుని, పొద్దున్నే ఎవరూ లేవకముందే దుప్పటి మడిచి సంచిలో పెట్టేసుకునేవాడు. నాలుగేళ్ళయింది పోయి. పోయేదాకా రత్తమ్మ ఎదుట కుర్చీలో కూర్చోలేదు. ఆ లాడ్జి వాళ్ళకి మాత్రం ఈ పందొమ్మిదేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాట చెప్పలేదు.

మగపెళ్ళివారికి విడిదిలో సబ్బు, పేస్టు, బ్రష్షు, దువ్వెన పెట్టి ఇవ్వడం ఆనవాయితీ. బసవయ్య అవన్నీ గుడ్డసంచుల్లో సర్ది గదికొకటి పెట్టించాడు. సంచి మీద గీతాంజలి పేరు, నవీన్‌బాబు పేరు, మధ్యలో రెండు చిలకలు. కృష్ణప్రియ ఆ కొత్త బ్రష్షుతోనే వాష్‌బేసిన్‌ తోమింది. షాంపూ ప్యాకెట్‌ చింపి కమోడ్‌ కడిగింది. దుప్పటి కిందికి జరిపి మరక కాళ్ళవైపుకి వచ్చేట్టు పరిచి, పైన రగ్గు కప్పింది. వెంట్రుకలు, సబ్బుముక్క, చాక్లెట్‌ కాగితం, మంచం కింద దొరికిన ఎవరిదో పాత సాక్సు, నల్లగా అయిన తుడుపుగుడ్డ, అన్నీ ఆ చిలకల సంచిలోనే కుక్కి తలుపు వెనక పెట్టింది.

రత్తమ్మ వచ్చింది. ముక్కు ఎగబీల్చి వాసన చూసింది. దిండు ఎత్తి చూసింది. బాత్‌రూమ్‌లోకి తొంగి చూసి వచ్చి మంచం మీద కూర్చుంది.

"పర్లేదే. బసవయ్య శుభ్రమైన విడిదే ఇచ్చాడు. అందరూ ఒకేలా ఉంటారేంటి" అంది.

కృష్ణప్రియ చేతులు తుడుచుకుని, మగ్గు దొరుకుతుందేమోనని వరండాలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా రెండువందల ఆరు తలుపు తెరుచుకుని తోడికోడలు హైమ బయటికొచ్చింది. కొప్పు జారిపోయి ఉంది. చేతిలో తడి టూత్‌బ్రష్షు. అక్కని చూసి గబుక్కున చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"నువ్వూనా?" అంది కృష్ణప్రియ.

"చెప్పమాక అక్కా ఎవరికీ. బాత్‌రూమ్‌ చూస్తే ఉండబట్టలేదు. బావగారికి తెలిస్తే ఆ పెళ్ళికూతురి తండ్రిని నిలబెట్టి కడిగేస్తారు."

వరండా చివర తోపుడుబండి మీద దుప్పట్లు సర్దుకుంటున్న అమ్మాయి వీళ్ళిద్దర్నీ చూసి తల దించుకుంది. పేరు గ్రేసీ అని యూనిఫాం మీద రాసుంది. పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చి పోతుందట. కృష్ణప్రియ మగ్గు అడిగితే, ఆ పిల్ల మగ్గుతో పాటు ఉన్న మాట కూడా ఇచ్చేసింది.

"మొదట్లో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళమండి. ఇప్పుడు ముగ్గురమే. నలభై రూములు. పెళ్ళోళ్ళు వస్తే ఆ రూములు చివర్లో చూడమంటారు మేనేజర్‌ సారు. 'ఆడోళ్ళు వస్తారు కదా, వాళ్ళే సర్దుకుంటారు, కంప్లైంట్లు రావు' అంటారు. నిజంగానే రావండి. ఆఫీసర్లొస్తే మాత్రం దగ్గరుండి చేయిస్తారు."

ఇన్నాళ్ళూ తను గుట్టుగా చేస్తున్న చాకిరీ ఎవరికీ తెలియదనుకుంది కృష్ణప్రియ. తెలియకపోవడమేమిటి, దాన్ని నమ్ముకునే ఒకాయన అయిదుగురిని ఇంటికి పంపేశాడు!

ఇంతలో రెండువందల పదకొండులోంచి కేకలు వినిపించాయి. అది మగవాళ్ళ గది. అందులోకి ఏ ఆడదీ వెళ్ళలేదు గనుక ఉన్నది ఉన్నట్టే ఉంది. కిషోర్‌బాబు రెండు వేళ్ళతో ఒక తువ్వాలు ఎత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. దాని మీద మరకలున్నాయి. ఆయన మొహంలో అసహ్యం ఉంది, కానీ దానికంటే సంతోషమే ఎక్కువ ఉంది. పెళ్ళికొడుకు మేనమామకి విడిదిలో ఒక లోపం దొరికింది.

"బసవయ్య గారికి ఫోన్‌ చెయ్యండ్రా. ఉన్నపళంగా రమ్మనండి. మనుషులుండే గదులేనా ఇవి?"

"ఏవండీ, హోటల్‌ వాళ్ళకి చెప్తే సరిపోతుంది కదా" అంది కృష్ణప్రియ.

"హోటలోళ్ళతో మనకేం పని? మనకి విడిదిచ్చింది ఆయన. నువ్వు లోపలికి పో."

ఆమె లోపలికి పోలేదు, కిందకి పోయింది. బసవయ్య పెళ్ళికూతురింటి నుంచి రావడానికి పది నిమిషాలు పడుతుంది. ఈలోగా ఈ మురికి ఎవరిదో తేలకపోతే గీతాంజలి దాన్ని కట్టుకుని కాపురానికొస్తుంది. ఇంకో పందొమ్మిదేళ్ళు.

కౌంటర్లో మేనేజర్‌ కల్యాణ్‌ నవ్వుతూ లేచాడు. గదులు బాగాలేవు, కంప్లైంటు రాసుకోమంది.

"సార్‌ని పంపించండి మేడమ్‌, మాట్లాడతాను. అసలు బుకింగు బసవయ్య గారి పేరు మీద ఉంది."

"పడుకునేది నేనండీ."

"మీది ఏ రూము? టూ నాట్‌ ఫోరా? ఇప్పుడే రూముకి ఫోన్‌ చేశాను మేడమ్‌. మీ అత్తగారే చెప్పారు, శుభ్రంగా ఉందని."

కృష్ణప్రియ రుజువులన్నీ తనే కడిగేసింది. తన చేత్తో, కొత్త బ్రష్షుతో.

గిరుక్కున వెనక్కి తిరిగి పైకి వెళ్ళింది. తలుపు వెనక సంచి తీసుకుంది. రెండువందల ఆరు తలుపు కొట్టింది. హైమ బిక్కమొహం వేసుకుని తన సంచి ఇచ్చింది. ఎనిమిది, తొమ్మిది, పన్నెండు గదుల్లోనూ అదే కథ. ప్రతి తలుపు వెనకా చిలకల సంచి ఉంది, ప్రతి సంచి నిండా ఇంకొకరి మురికి ఉంది. ఆడవాళ్ళు సంచులిచ్చారు గానీ ఎవరూ కిందకి రాలేదు. "నా పేరు చెప్పమాకమ్మా" అంది ఒకావిడ. కృష్ణప్రియకి కోపం రాలేదు, ఇందాకటిదాకా తనూ అంతే.

ఆమె కిందకి దిగేసరికి బసవయ్య వచ్చేసి ఉన్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. కిషోర్‌బాబు తువ్వాలు ఆయన మొహం ముందు ఊపుతున్నాడు. వెనక నలుగురు మగవాళ్ళు చేతులు కట్టుకుని చోద్యం చూస్తున్నారు.

"తప్పు నాదే బాబూ. క్షమించండి. పిల్ల మీద ఏమీ పెట్టుకోకండి" అంటున్నాడు బసవయ్య.

నాన్న కూడా అవే మాటలన్నాడు. పిల్ల మీద ఏమీ పెట్టుకోకండి. కృష్ణప్రియకి ఒళ్ళు మండిపోయింది. అయిదు సంచులూ తెచ్చి కౌంటర్‌ మీద బోర్లించింది. వెంట్రుకల ఉండలు, సబ్బుముక్కలు, సాక్సు, వాడి పారేసిన బ్లేడు, నల్లటి గుడ్డలు గాజు మీద కుప్పపడ్డాయి. కల్యాణ్‌ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇవి అయిదు గదుల్లోవి. గది నంబర్లు నేను చెప్తా, మీరు రాసుకోండి. పదకొండో గది ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంది, వచ్చి చూసుకోండి" అంది. ఫోన్‌ తీసి కుప్పని ఫొటో తీసింది. కిందకి రాకపోయినా హైమ పదకొండో గది ఫొటో తీసి అప్పటికే పంపింది.

"ఎవరు చేశారో కనుక్కుంటాను మేడమ్‌. ఆ గ్రేసీని రేపట్నుంచి మాన్పించేస్తాను."

"ఆ పిల్లని మాన్పిస్తే ఇద్దరే మిగుల్తారు. నలభై గదులకి ముగ్గుర్ని పెట్టి, మిగతా పని మాతో చేయించుకుంటున్నారు మీరు. కంప్లైంటు పనిమనుషుల మీద కాదు, మీ మీద. ఫారం ఇవ్వండి. నేనే రాస్తా. మీరు సంతకం పెట్టి, కాపీ నాకివ్వండి. మీ ఓనరు గారి నంబరు కూడా కావాలి. దుప్పట్లు ఎదురుకోలు లోపు మార్చండి."

"ప్రియా! నువ్వెందుకు మధ్యలో?" అన్నాడు కిషోర్‌బాబు.

ఆమె బసవయ్య వైపు తిరిగింది.

"బావగారూ, ఈ గదులు మీరు ఊడ్చారా?"

"లేదమ్మా."

"మరి తప్పు మీదెట్లా అయింది? మీరు వెళ్ళి పెళ్ళిపనులు చూసుకోండి."

బసవయ్య కండువాతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. కిషోర్‌బాబు చేతిలో తువ్వాలు మిగిలిపోయింది. చెత్తకుప్ప మీద అది కూడా పెట్టమన్నట్టు కల్యాణ్‌ చెయ్యి చాచాడు. ఫారంలో పేరు దగ్గర కృష్ణప్రియ తన పేరే రాసింది. గంటలో ఆరుగురు మనుషులు ఎక్కడి నుంచో వచ్చారు. దుప్పట్లూ వచ్చాయి. ఎక్కడున్నాయో మరి అన్నాళ్ళూ.

పెళ్ళి బాగానే జరిగింది. నవీన్‌బాబు తలంబ్రాలు ఎగిరెగిరి పోశాడు. గీతాంజలి కృష్ణప్రియని కళ్ళతో వెతికి పట్టుకుని ఒకసారి నవ్వింది. తండ్రి చెప్పాడేమో తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కార్లో నందిగామ బయల్దేరారు. కిషోర్‌బాబు మొహం ముడుచుకుని స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. నందిగామ బస్టాండు సెంటర్‌ దగ్గరికొచ్చేసరికి వెనక సీట్లో రత్తమ్మ నిద్ర లేచింది.

"ఎంత గొడవైనా బసవయ్య మర్యాద తప్పలేదు. చివరికి పక్కలు ఎంత మెత్తగా వేయించాడో! మీ నాన్న ఇచ్చిన విడిదిలోనేనమ్మా, ఆ నల్లులు..."

"ఏవండీ, కారు ఆపండి" అంది కృష్ణప్రియ.

వాంతి వస్తోందేమోననుకుని కిషోర్‌బాబు ఆపాడు. ఎదురుగా లాడ్జి అలాగే ఉంది, గోడలకి కొత్త రంగు వేశారు. లోపల కౌంటర్లో ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. కృష్ణప్రియ దిగి, వెనక్కి వచ్చి, అత్తగారి వైపు తలుపు తీసి పట్టుకుంది.

"దిగండత్తయ్యా. పందొమ్మిదేళ్ళ నుంచీ నాకు చెప్తున్నారు. నల్లులు మా నాన్నవి కాదు, వీళ్ళవి. లోపలికెళ్ళి వీళ్ళకి చెప్పి రండి. మీరు చెప్పి వచ్చేదాకా నేనిక్కడే నిలబడతా."