ఎలుగు వాటా

మనుషులకు అడవి జంతువుల మీద ఎంత ప్రేముందో లెక్కగట్టడమే డాక్టర్ ప్రమోదిని ఉద్యోగం. విశాఖలో ఏళ్ల తరబడి అదే చదివింది, అదే రాసింది. చివరికి సొంతూరు జలంత్రకోటకే ప్రాజెక్టు తెచ్చుకుంది. తోట గట్టున ఎలుగుబంట్ల కోసం వదిలేసిన ప్రతి పనసకాయకూ రైతుకు ఇంత అని డబ్బు. కడుపు నిండిన ఎలుగు ఊళ్లోకి రాదు, డబ్బందిన రైతు దాన్ని తిట్టడు. ఇది నిజమని తేలితే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే ఈ వేసవితో సరి.

మొదట చేరింది మేనత్త ఎర్రమ్మ. ఎవరూ అడక్కుండానే ఏటా గట్టు మీది తేనెపనసను ఎలుగులకు వదిలే మనిషి. ఆవిడకే డబ్బిస్తే ఇక తిరుగేముంది అనుకుంది ప్రమోదిని. పుస్తకాల్లో మేనత్తలుండరు మరి!

కాయలు పండాయి. ఎలుగులు గట్టున ఆగలేదు సరికదా, ఓ సాయంత్రం ఎర్రమ్మ పెరట్లోకే దూరి, పలాస బజారుకు పంపాలని పేర్చిన కాయల్ని చీల్చి పారేశాయి. ఊరంతా పళ్లేలు మోగించి తరిమింది. మర్నాడు ప్రమోదిని గట్టు వెంట నడిచింది. వదిలిన కాయలు నిరుటికన్నా ఎక్కువే. కాకపోతే ఒకటి పుచ్చింది, ఒకటి పిందెగానే ఎండింది. ఎర్రమ్మ చెట్టుకీ అలాంటివే వేలాడుతున్నాయి.

"ఇదేంటత్తా! ఏటా తీపికాయలే వదిలేదానివి కదా?"

"నానేటి తప్పు సేసినానే? అప్పుడు ఎలుగు సుట్టంలాగ వచ్చీది. సుట్టానికి సచ్చుకాయి పెడతామేటి? ఇప్పుడు నువ్వు కొన్నావు. బేరమన్నాక మంచిది దాసుకుని సచ్చుది అంటగట్టనోడు ఎవుడున్నాడో సెప్పు?"

ప్రమోదినికి నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ప్రేమను కొలవడానికొచ్చి దానికి ధర కట్టింది తనే. వదిలిన కాయల లెక్క మాత్రం రాసి ఊరుకుంటే ఉద్యోగం పదిలం. ఎవరూ వచ్చి కాయలు కోసి చూడరు. కానీ మనసొప్పలేదు. అరుగు మీదే కూర్చుని, డబ్బు ఆపేయమని, పెట్టే చేతిని తానే చెడగొట్టానని, ఉన్నదున్నట్టు రాసి పంపేసింది.

"ఇంక డబ్బుల్లేవత్తా."

ఎర్రమ్మ మొహం విప్పారింది. "పైకొమ్మకి రెండు మంచికాయలు ఉండిపోనాయి, కొయ్యకండర్రో!" అని తోటలోకి కేకేసింది. ఆ తర్వాత గుర్తొచ్చింది. "మరి నీ ఉజ్జోగమో?"

"పోయినట్టే. ఇక నీ ఇంటికే వచ్చేస్తాను. నాకూ మంచికాయే పెడతావా?"

"డబ్బులియ్యనంటే పెడతాను," అంది ఎర్రమ్మ.